దొడ్డికి మూలలు వద్దు

(జనగామ వైపు ఒక ఊళ్లో, మల్లన్న జాతరకు నెల రోజుల ముందు, గొర్రెల మేకల కాపరుల సమావేశంలో రిటైరైన ఒక పశువైద్యుడు మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసినవి.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి వంచు తమ్ముడూ, వెనక వేపచెట్టు కింద కూర్చున్న తాతలకు వినపడాలి. వినపడుతుందా? సరే.

నన్ను పిలిచినప్పుడు మీ సంఘం పెద్దమనిషి ఫోన్‌లో ఒకటే మాట అన్నాడు. "సార్, తోడేండ్లతోని సస్తున్నం. మీరొచ్చి ఏదన్న మందు చెప్పాలె" అని. కడుపులో పురుగులకు, అదే నట్టలకు, మందు ఉంది. చిటుక రోగానికి టీకా ఉంది. తోడేలుకు మాత్రం మందు లేదు. ఉందని ఎవడైనా మీ చెవిలో చెప్తే, వాడు పురుగుమందు డబ్బా గురించి చెప్తున్నాడని అర్థం. దాని సంగతికి తర్వాత వస్తాను, కాస్త కోపంగానే వస్తాను.

నేను డాక్టర్ చదువు చదివిన తర్వాత గొర్రెను చూసినవాణ్ణి కాదు. మాది కురుమ ఇల్లు. మా నాయనకు నలభై దాకా జీవాలుండేవి, అన్నీ నల్ల దక్కనీ గొర్రెలే. రాత్రి మందలోనే పడుకునేవాడు. గొంగడి తల మీది నుంచి కప్పుకుంటే మనిషి ఎక్కడో, గొర్రె ఎక్కడో తెలిసేది కాదు. మా అవ్వ పొద్దుగూకిన తర్వాత తోడేలు పేరు ఎత్తనిచ్చేది కాదు. "అది" అనేది. "అది గుట్ట దిగిందంట, పిల్లలను లోపటికి పిలువుండ్రి" అనేది. ఆ "అది" నా మనసులో పెరిగి పెరిగి ఎద్దంత అయింది. చివరికి ఒకనాడు మిట్టమధ్యాహ్నం, కందిచేను గట్టు మీద నిలబడి నన్నే చూస్తున్న తోడేలును చూశాను. ఇంతేనా అనిపించింది. ఊరకుక్క కంటే కొంచెం ఎత్తు, సన్నకాళ్లు, ఎండిన గడ్డి రంగు. తర్వాత పుస్తకాల్లో చదివాను, మన దేశపు తోడేలు బరువు ఇంచుమించు ఇరవై కిలోలే. మన పొట్టేలు దానికంటే రెండింతలు తూగుతుంది. అంత చిన్న జంతువు అంత పెద్ద జీవాన్ని ఎలా తీసుకుపోతుంది? బలంతో కాదు, మన దగ్గర ఎక్కడ సందు ఉందో తెలుసుకుని. నేను ఈ రోజు మాట్లాడేదంతా ఆ సందు గురించే.

అయితే దానికంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నౌకరీలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో తెల్లారేసరికి పదకొండు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. ఊరంతా తోడేలు అన్నది. ఎండ మండిపోతోంది, వాసన వస్తోంది, నా బస్సు టైమ్ అవుతోంది. నేనూ చూసీ చూడనట్టు చూసి తోడేలు అనే రాసిచ్చాను. ఆ వారమే పిల్లగాళ్లు గుట్ట మీద ఒక బొరియకు పొగ పెట్టారు. లోపల నాలుగు తోడేలు పిల్లలు. పది రోజులకు మళ్లీ అదే ఊళ్లో ఆరు గొర్రెలు పోయాయి. ఈసారి పట్టపగలు, అందరి కళ్ల ముందు. కరిచినవి ఊరకుక్కలు. అందులో ఒకదాని మెడకు పట్టీ కూడా ఉంది. అంటే ఎవరిదో పెంపుడు కుక్క. ఆ రోజు నుంచి తోలు ఒలవకుండా నేను ఎప్పుడూ రాయలేదు.

తోలు ఒలవడం అంటే ఏమిటో చెప్తాను, ఇది మీరూ చేయగలరు. చచ్చిన జీవం మెడ దగ్గర, తొడల దగ్గర తోలు కోసి వెనక్కి లాగండి. కింద మాంసం మీద నెత్తురు గడ్డకట్టి, నల్లగా కమిలి ఉంటే ప్రాణం ఉండగా కరిచినట్టు. పైన పంటిగాటు ఉండి, కింద కమిలిన మచ్చ లేకుండా శుభ్రంగా ఉంటే చచ్చిన తర్వాత ఏదో వచ్చి పీక్కుతిన్నట్టు. తొలకరికి లేత పచ్చిక కడుపునిండా మేసి చిటుక రోగంతో రాత్రికి రాత్రి పడిపోయిన గొర్రెలను పొద్దున కుక్కలు పీకుతుంటే, నేరం మొత్తం గుట్ట మీదికి పోయిన సందర్భాలు నేను చాలా చూశాను. అక్కడ కావలసింది తోడేలు కాపలా కాదు, వానకాలానికి ముందే టీకా.

ప్రాణం ఉండగానే కరిచింది అని తేలితే, ఎవరు కరిచారన్నది రెండో ప్రశ్న. కుక్క వేటగాడు కాదు, ఆటగాడు. మందను అటూ ఇటూ పరిగెత్తిస్తుంది. వెనక తొడలు, డొక్కలు, చెవులు, తోక, దొరికిన చోటల్లా చింపుతుంది. పది జీవాలకు గాయాలుంటాయి, ఒక్కదాన్నీ సరిగా తిని ఉండదు. తోడేలు ఆకలితో వస్తుంది. ఎక్కువగా గొంతు పట్టుకుంటుంది, తీసుకుపోతుంది, లేదా వెనక భాగం నుంచి తినడం మొదలుపెడుతుంది. చిన్న పిల్ల అయితే నెత్తురు చుక్క కూడా దొరకదు, లెక్కలో ఒకటి తక్కువ వస్తుంది, అంతే. అడుగు జాడ చూస్తే పెద్ద కుక్కదిలాగే ఉంటుంది, కానీ నడక చూడండి. తోడేలు దారం పట్టినట్టు ఒకటే గీతలో పోతుంది. కుక్క ప్రతి పొద దగ్గరా ఆగుతుంది. నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. జీవాలు బయటికి పోయే దారిలేని దొడ్డిలోకి దూరితే తోడేలు కూడా తినగలిగినదాని కంటే ఎక్కువ చంపుతుంది. కాబట్టి లెక్క ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, గాయం చూడాలి.

ఇంత పట్టుబట్టడానికి ఒక కారణముంది, అది మీకందరికీ తెలుసు, నేను బయటికి అంటున్నాను. అటవీశాఖ పరిహారం అడవి జంతువు చంపితేనే వస్తుంది. ఊరకుక్క చంపితే రాదు. అందుకే "సార్, తోడేలని రాయుండ్రి" అని కాళ్లావేళ్లా పడతారు. ఎదిగిన గొర్రె ఒకటి పోతే పదివేలు పోయినట్టే కదా, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అలా రాయించుకున్న కాగితంతో ఆ కుక్కలు ఊళ్లోనే ఉంటాయి, మళ్లీ వస్తాయి. రోగం ఒకటి, మందు ఒకటి అయితే ఎవరికి లాభం?

సరే, ఇప్పుడు దొడ్డి.

మా నాయన మందను కంపదొడ్డిలో పెట్టేవాడు. తుమ్మకంప, రేగుకంప, మొదళ్లు లోపలికి, ముళ్లు బయటికి. ఇప్పుడు అందరం నైలాన్ వల కడుతున్నాం. తేలిక, చుట్టి బైక్ మీద వేసుకుని పోవచ్చు, ఎవరి చేనులో మంద పెట్టమంటే అక్కడ పది నిమిషాల్లో కట్టొచ్చు. వల తప్పు అని నేను అనను. వలను ఎందుకు కడుతున్నామో మరిచిపోయాం అంటాను. మీరందరూ తోడేలు లోపలికి రాకుండా కడుతున్నారు. గొర్రె బయటికి పోకుండా కట్టాలి.

అదెలాగంటే, నేను చూసిన కేసుల్లో చాలావాటిలో తోడేలు దొడ్డిలోకి దూరనేలేదు. బయట ఒక పక్కన తిరిగింది. వాసన తగిలింది. మంద మొత్తం బెదిరి ఎదురు పక్కకు ఉరికింది. వల నలుచదరంగా కట్టి ఉంటే అన్నీ ఒక మూలలోకి పోయి ఇరుక్కుంటాయి. కింద పడ్డవి ఊపిరాడక అక్కడే చస్తాయి. పై నుంచి వచ్చే బరువుకు గుంజ ఒరుగుతుంది, వల పడుతుంది, మంద చీకట్లో చెల్లాచెదురవుతుంది. అప్పుడు తోడేలు చేయాల్సిన పని ఏముంది? పెళ్లి విందులో కూర్చున్నట్టు కూర్చుని, కుంటుతున్న ఒకదాన్ని ఎంచుకుంటుంది. పొద్దున మీరు చూసేసరికి ఒకటి తోడేలు తిన్నది, ఐదు మూలలో నలిగి చచ్చినవి, మూడు ఎటుపోయాయో తెలియనివి. తొమ్మిదీ తోడేలు ఖాతాలోకే పోతాయి.

అందుకే దొడ్డిని గుండ్రంగా కట్టండి. మూల ఉండొద్దు. నాలుగు గుంజల చోట ఎనిమిది పాతండి, వల గుండ్రమవుతుంది. గుండ్రంగా ఉంటే బెదిరిన మంద చుట్టూ తిరుగుతుంది తప్ప ఒకదాని మీద ఒకటి ఎక్కదు. వల కింది అంచు నేలకు ఆనాలి, రాళ్లు పెట్టాలి, ఎందుకంటే కుక్కజాతి జంతువు ఎగరడం కంటే దూరడానికే ముందు చూస్తుంది. పిల్లలను, కొత్తగా ఈనిన తల్లులను నడుమ వేరే తడకలో పెట్టండి. వలకు బయట నాలుగైదు అడుగుల దూరంలో కంప ఒక వరుస వేయగలిగితే వేయండి. వలకు ఆనించి వద్దు. దూరం ఉంటేనే తోడేలు ముక్కు, గొర్రె ముక్కు ఒకదానికొకటి తగలవు. ఏండ్లకేండ్లు ఒకటే చోట దొడ్డి ఉన్నవాళ్లు ఐదారు అడుగుల జాలీ కంచె వేసి, కింది అడుగున్నర మట్టిలో పూడ్చితే ఇక చాలావరకు నిద్రపోవచ్చు. ఖర్చు ఉంది, కాదనను. ఇద్దరు ముగ్గురు కలిసి వేసుకుంటే పంచుకోవచ్చు.

ఏందన్నా? ఆ, అడుగు... "కరెంటు పెడితే అయిపోతది కదా సార్" అంటున్నాడు. అన్నా, నువ్వన్నది మంచికే అయింది. మెయిన్ లైను నుంచి తీగ లాగి కరెంటు పెట్టొద్దు. పెట్టొద్దు అంటే పెట్టొద్దు. మన ములుగు, భూపాలపల్లి వైపు అడవిపందులకని పెట్టిన తీగలకు తగిలి ఎంతమంది మనుషులు పోయారో పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా. పొద్దున నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు తగులుకుంటాడు. సోలార్ కంచె వేరు, అది ఆగి ఆగి ఒక్క క్షణం షాక్ ఇస్తుంది, బెదిరిస్తుంది, చంపదు. కొనేదైతే అది కొనండి, బిగించడం తెలిసినవాడితో బిగించుకోండి.

మక్కచేల చుట్టూ అడవిపందులకు పాత చీరలు కడుతున్నారు కదా మీరు? రోడ్డు మీద బస్సులో పోతుంటే చేనుకు చేను పట్టుచీరలు, పాలిస్టర్ చీరలు కట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది, నాకు ఎప్పుడు చూసినా నవ్వొస్తుంది. ఆ విద్య తోడేలుకు ఇంకా బాగా పనిచేస్తుంది. తూర్పు యూరప్‌లో వెనకటికి తోడేళ్లను వేటాడేవాళ్లు అడవి చుట్టూ తాడు కట్టి దానికి ఎర్రగుడ్డ పేలికలు వేలాడదీసేవారు. తోడేలు ఆ పేలికలను దాటడానికి భయపడి లోపలే ఉండిపోయేది. చంపడానికి పుట్టిన ఉపాయాన్ని ఇప్పుడు కాపాడటానికి తిప్పారు. తోడేలు బయట ఉంటుంది, గొర్రెలు లోపల ఉంటాయి. జానెడున్నర, రెండు జానల దూరానికి ఒక పేలిక, కింది కొస నేలకు జానెడు ఎత్తులో. రంగు ఏదైనా పర్వాలేదు, దాని కంటికి మనలాగా ఎరుపు కనిపించదు, ఊగడమే దాన్ని ఆపేది. చీర మొత్తం కట్టొద్దు, చింపి పేలికలు చేయండి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. రెండు నెలలు గడిస్తే తోడేలు దానికి అలవాటు పడిపోతుంది. పిల్లలు బడిలో కొత్త సార్‌ను పరీక్షించినట్టు ఒకరోజు ముక్కు పెట్టి చూస్తుంది, ఏమీ కాలేదని తెలుసుకుంటుంది, తర్వాత ఆ పేలికలు నువ్వు ఆరేసిన బట్టలే. మెరిసే లైట్లదీ అంతే, పటాకులదీ అంతే. అందుకని ఏడాదంతా కట్టి ఉంచొద్దు. మంద ఈనే నెలల్లోనో, తోడేలు తిరుగుతున్నట్టు జాడ కనిపించినప్పుడో కట్టండి, తర్వాత విప్పి దాచండి. ఈ రోజు పేలికలు, పది రోజులకు లైటు, ఇంకో పది రోజులకు రేడియో. లైటును కూడా రోజూ ఒకే గుంజకు కట్టకుండా మార్చండి. తోడేలుకు టెన్షన్ ఉండాలి, మనకు కాదు.

ఇవన్నీ చేస్తే నిజంగా తగ్గుతుందా అని మీకు అనుమానం ఉంటుంది. ఉండాలి. అమెరికాలో ఐడాహో అని కొండల రాష్ట్రం ఉంది. అక్కడ వుడ్ రివర్ అనే లోయ. మన వాళ్లు ఎండాకాలం గోదావరి పక్క అడవులకు మందలు తోలినట్టు, వాళ్లు వేలకొద్దీ గొర్రెలను కొండల మీదికి తోలుతారు. 2008లో అక్కడ గొర్రెల యజమానులు, తోడేళ్లను కాపాడాలనేవాళ్లు ఒక్క దగ్గర కూర్చుని ప్రయత్నం మొదలుపెట్టారు. కాపలా కుక్కలు, పేలికలు, లైట్లు, చప్పుళ్లు, రాత్రి మందతోనే పడుకునే మనిషి. ఏడేళ్ల లెక్క తీసి 2017లో అచ్చువేశారు. ఏటా 10,000 నుంచి 22,000 గొర్రెలు తిరిగే ప్రాంతమది. జాగ్రత్తలు తీసుకోని పక్క ప్రాంతంలో తోడేళ్ల వల్ల నష్టం 3.5 రెట్లు ఎక్కువ. జాగ్రత్తలు తీసుకున్న చోట పోయినవి మొత్తంలో 0.02 శాతం. పదివేలకు రెండు. ఇంకో సంగతి చూడండి, ఆ పక్క ప్రాంతంలో తోడేళ్లను చంపారు కూడా. చంపిన చోటే నష్టం ఎక్కువ. ఇక్కడ ఒక్కదాన్నీ చంపలేదు.

వాళ్లకు డబ్బుంది, జీపులున్నాయి అంటారు. నిజమే. కానీ ఆ జాబితాలో మనకు బాగా పనికొచ్చేది అన్నిటికంటే పాతది, మందతో పడుకునే మనిషి. అదే మన దగ్గర తగ్గిపోయింది. కొడుకులు హైదరాబాద్‌లో డెలివరీ బైకులు నడుపుతున్నారు. నూటయాభై జీవాలకు అరవై ఏండ్ల మనిషి ఒక్కడు. 2017లో సర్కారు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. 2019 పశుగణనకు తెలంగాణ దేశంలోనే గొర్రెల్లో మొదటి స్థానంలో, 1.9 కోట్లతో నిలబడింది. మంచిదే. జీవాలు పెరిగాయి, కాపరులు పెరగలేదు. పంచిన గొర్రెల్లో చాలావరకు పరాయి రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చినవి, వాటికి మన గుట్టలు, మన వాగులు తెలియవు. ఒంటరి మనిషికి రాత్రి కాపలా సాధ్యం కాదు. నాలుగు మందలను ఒక చేనులో పక్కపక్కన పెట్టి, వంతులేసుకోండి. మంద పెట్టించుకునే రైతుకు ఎరువు ఎక్కువ పడుతుంది, వాడు కాదనడు. నాలుగు రోజులకు ఒక్క రాత్రి మేలుకోవడం ఎవరికైనా అవుతుంది.

కుక్క సంగతి. మనకు కుక్కలున్నాయి, కానీ అవి మన వెంట తిరుగుతాయి, మంద వెంట కాదు. నువ్వు చాయ్ తాగడానికి ఊళ్లోకి పోతే అదీ నీ వెనకే వస్తుంది. కాపలా కుక్కను తయారుచేయాలంటే పాలు మరిచిన పిల్లను, రెండు నెలల లోపుదాన్ని, గొర్రెపిల్లలతో పాటే తడకలో ఉంచి పెంచాలి. తిండి అక్కడే, పడక అక్కడే. పిల్లలు దాన్ని ఇంటికి ఎత్తుకుపోయి ముద్దు చేయకూడదు. గొర్రెల వెంటబడి ఆడితే మొదట్లోనే అదిలించాలి. పెరిగాక దానికి గొర్రే కుటుంబం. మెడకు ఇనుపముళ్ల పట్టీ వేయండి, చిరుతకూ తోడేలుకూ గొంతు అందదు. రేబిస్ టీకా తప్పకుండా వేయించండి. మన కుక్కల రోగాలు తోడేళ్లకు పోతాయి. పిచ్చెక్కిన తోడేలు మామూలు తోడేలు కాదు, అది మనిషి మీదికి వస్తుంది. ఎవరినైనా కరిస్తే పావుగంట సబ్బునీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి పోవాలి, పసరు పోయడాలు, మంత్రాలు వద్దు.

మనుషుల మీద దాడి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2024లో ఉత్తరప్రదేశ్ బహ్రాయిచ్ జిల్లాలో తోడేళ్లు పిల్లలను చంపాయి. టీవీలో మీరూ చూశారు. అలాంటిది అసలే జరగదు అని నేను చెప్పను, చెప్తే నన్ను నమ్మొద్దు. అది చాలా అరుదు. మన గుట్టల్లో తోడేలు మనిషిని చూస్తే పక్కకు తప్పుకుంటుంది. అయినా చిన్న పిల్లలను మంద దగ్గర ఒంటరిగా పడుకోబెట్టకండి. తోడేలు లేకపోయినా పాము ఉంది, కుక్కలున్నాయి.

చచ్చిన జీవాన్ని ఏం చేస్తున్నారు మీరు? నవ్వుతున్నారు, నాకు తెలుసు. వాగులో పారేస్తున్నారు. కోళ్లఫారాల వాళ్లు చచ్చిన కోళ్లను సంచుల్లో అదే వాగులో పారేస్తున్నారు. అంటే ఊరి పొలిమేరలో రోజూ ఒక హోటల్ నడుపుతున్నాం. కుక్కలు అక్కడ పెరుగుతాయి, నక్కలు వస్తాయి, వాటి వెనక తోడేలు వస్తుంది. గొర్రె మాంసం రుచిని మనమే అలవాటు చేసి, తర్వాత అది దొడ్డికి వచ్చిందని ఏడుస్తున్నాం. లోతుగా గుంత తీయండి, సున్నం వేయండి, పూడ్చండి.

ఇక ఆ డబ్బా. చచ్చిన గొర్రె మీద పురుగుమందు చల్లి గుట్ట కింద పెట్టడం. చట్టం సంగతి ముందు చెప్తాను. 1972 వన్యప్రాణి చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్న చోటే. చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల దాకా జైలు. దేశం మొత్తం మీద మూడు వేల దాకా తోడేళ్లుంటాయని అంచనా. మన చిన్నప్పటి కథలో కూడా పిల్లవాడు "నాన్నా పులి" అనే అరుస్తాడు, తోడేలుకు ఆ గౌరవం కూడా దక్కలేదు. చట్టం పక్కన పెట్టినా, ఆ విషం తోడేలు పేరు రాసుకుని కూర్చోదు. ముందు తినేది నీ కుక్క. తర్వాత నక్క. తర్వాత గద్ద. ఆసిఫాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయని పదేండ్ల కింద ఎంత సంతోషపడ్డామో. రాబందులు పోవడంలో నా చేయి కూడా ఉంది. పశువులకు నొప్పులని డైక్లోఫెనాక్ సూది మేమే వేశాం. ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయేవి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అంతవరకు మాకు తెలియదు. మీకు మాత్రం పురుగుమందు ఏం చేస్తుందో తెలుసు. తెలిసి చేయకండి.

బొరియకు పొగ పెట్టడం కూడా అంతే. తోడేలు ఎక్కువగా చలికాలంలో ఈనుతుంది. మనం సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోతాం, కొమురవెల్లి మల్లన్న జాతర ఉగాది దాకా నడుస్తుంది. ఆ మూడు నెలలే దానికి పసిపిల్లల కాలం. మొగుడూ పెళ్లాం ఇద్దరూ తిరిగి తిరిగి, తిన్నది బొరియ దగ్గర కక్కి పిల్లలకు పెడతాయి. వాటికి ఆకలి ఎక్కువ ఉండే రోజులవి, మనం మందను ముసలివాళ్లకో పిల్లలకో అప్పగించి జాతరకు పోయే రోజులూ అవే. నేను జాతరకు పోవద్దని అనను, నేనూ పోతాను, మల్లన్నకు పట్నం ముగ్గు వేయించి మొక్కుకుంటాను. ఆ రోజుల్లో కాపలాకు గట్టి మనిషిని పెట్టి పొండి. బొరియ ఎక్కడుందో తెలిస్తే ఎవరికీ చెప్పకండి, మంద పడకను అక్కడి నుంచి దూరం జరపండి. రెండు మూడు నెలలకు పిల్లలు పెద్దవాటి వెంట తిరగడం మొదలుపెడితే అవే చోటు మారుస్తాయి.

లద్దాఖ్‌లో ఒక ఊరు ఉంది, చుషుల్. అక్కడి కాపరులు తరతరాలుగా రాతి గోడల గుంతలు కట్టి, లోపల గొర్రెను ఎరగా పెట్టి తోడేళ్లను పట్టేవారు. దూకితే మళ్లీ ఎక్కలేదు, పై నుంచి రాళ్లేసి చంపేవారు. 2018లో ఊరివాళ్లే ఆ గుంత గోడకు దారి తీసి, పక్కన స్తూపం కట్టుకున్నారు. గుంతను కూల్చలేదు. మా తాతల కష్టం అని ఉంచారు. మరోపక్క రాత్రి దొడ్లకు పైకప్పు జాలీ వేసుకున్నారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. కాపరిని దొంగను చేయలేదు, తోడేలునూ దొంగను చేయలేదు.

జీవం పోతే పరిహారానికి ఏం చేయాలో గబగబా చెప్తాను. శవాన్ని కదపొద్దు, మీద ఏదైనా కప్పండి. ఫోటోలు తీయండి, గాయం, అడుగు జాడ, దొడ్డి కూడా కనిపించాలి. అదే రోజు అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పి పంచనామా రాయించండి. పశువుల డాక్టర్‌తో పోస్టుమార్టం చేయించండి. గాయపడి బతికిన వాటికి 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల బండి వస్తుంది. బీమా ఉన్న జీవమైతే చెవి ట్యాగు జాగ్రత్త. ట్యాగు పోతే కాగితం పోయినట్టే. ఒకరోజు ఆలస్యమైతే పని చెడుతుంది, వాసన వచ్చాక ఎవరూ దగ్గరికి రారు, నాలాగా బస్సు టైమ్ చూసుకుంటారు.

ఇంకొక్కటి చెప్పి మైకు ఇచ్చేస్తాను. మనం అందరం అనుకుంటాం, తోడేలు అడవి జంతువు, అడవి వదిలి మన దగ్గరికి వచ్చిందని. అది ఎప్పుడూ దట్టమైన అడవి జంతువు కాదు. గుట్ట, రేగుపొదలు, బీడు, బోడిగడ్డి, ఊరి పశువులు మేసే మన బంచరాయి. మీ మందలు మేసిన చోటే అది కుందేలును పట్టుకుని బతికింది. ఆ బంచరాయి ఇప్పుడు ఎంత మిగిలింది? కొంత వెంచర్లయింది, హద్దురాళ్లు పాతారు. కొంత తోటలయింది. కరీంనగర్ వైపు గుట్టలకు గుట్టలే గ్రానైట్ పలకలై లారీలెక్కాయి. గుట్ట పోయాక బొరియ ఎక్కడ? మేత పోయాక మంద ఎక్కడ? మీరు ఎమ్మార్వో ఆఫీసుకు పోయి మేత భూమి అడుగుతున్నారు కదా, ఆ దరఖాస్తు మీద తోడేలు వేలిముద్ర కూడా పెట్టించాలి నిజానికి. దానికీ మీకూ ఒకటే సర్వే నంబరు.

ఆ, వెనక నుంచి తాత ఏదో అంటున్నాడు. మైకు ఇవ్వండి తాతకు... "ఒకటి ముంగట కనబడుకుంట పోతది బిడ్డా, మనం దానెంబడి ఉరుకుతం, ఎన్క నుంచి ఇంకోటి ఎత్తుకపోతది. దానికి ఏం జెయ్యాలె?"

విన్నారా? నేను గంట సేపు చెప్పింది తాత ఒక్క ముక్కలో చెప్పాడు. కనిపించే దాని వెంట ఉరకొద్దు తాతా. కనిపించేది నిన్ను మంద నుంచి లాగడానికే కనిపిస్తుంది. నువ్వు మంద వైపు తిరుగు, వెనక పొదను చూడు, కేక వేయి, జీవాలను దగ్గరికి చేర్చు. కుక్కను పంపితే పంపు, నువ్వు మాత్రం పోకు.

సరే, చాయ్ వచ్చినట్టుంది. తాగి, ఎండ ముదరకముందే చెరువు కింద కట్టిన ఆ దొడ్డి దగ్గరికి పోదాం. నేను వచ్చేటప్పుడు బస్సులో నుంచి చూశాను, నలుచదరంగా ఉంది, వాగు వైపు గుంజ ఇప్పటికే ఒరిగింది. అది ఎవరిదో నాకు తెలియదు. గడ్డపార ఒకటి, ఇంకో నాలుగు గుంజలు పట్టుకుని రండి.